నీలి పెట్టెలో సన్నాయి ఊపు

నాకు అక్షరాల కంటే ముందు రంగులు వచ్చాయి. ఇప్పటికీ అక్షరాలు సగం సగమే. బస్సు బోర్డు కూడబలుక్కుని చదివేలోపు ఆ బస్సు వెళ్ళిపోతుంది. అంకెలు మాత్రం వస్తాయి. అందుకే ఇది నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. నేను ‘గిట్ల’ అంటే తను ‘ఇలా’ అని రాస్తుంది, పుస్తకంలో అలాగే ఉండాలట. రాయి బిడ్డా, నాకేం. కానీ ఎవరు ఏమన్నారో ఆ మాటలు మాత్రం వాళ్ళ నోట్లోంచి వచ్చినట్టే ఉండాలని గట్టిగా చెప్పాను.

జనగామ బస్టాండు వెనక సందులో మాది రిపేరు దుకాణం. మైకులు, ఆంప్లిఫయర్లు, టీవీలు, మిక్సీలు, ఏది పాడైతే అది వస్తుంది. పెళ్ళయిన కొత్తలో మా ఆయనకు అన్నం గిన్నె తీసుకెళ్ళి, ఆయన తినేంతసేపు ఊరికే కూర్చునేదాన్ని. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. ‘ఆ చిన్న ముక్కకు రంగు పట్టీలెందుకు?’ అని అడిగాను. అది రెసిస్టెన్సు. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది, నడుముకు మూడు నాలుగు రంగుల చుట్టలు ఉంటాయి. ఆ రంగులే దాని లెక్క అన్నాడు. నాకు అక్షరాలు రావని తెలుసు కనుక కాగితం మీద రాయలేదు. నా పగిలిన గాజు ముక్కలు ఏరి, నలుపుతో మొదలుపెట్టి తెలుపు దాకా వరుసగా ఒక తీగకు గుచ్చి ఇచ్చాడు. నలుపు సున్నా, గోధుమ ఒకటి, ఎరుపు రెండు. వంకాయ రంగు గాజు మాత్రం దొరకలేదు. దాని కోసం జాతరలో కొత్త డజను కొని, ఒక గాజు పగలగొట్టి, మిగతా పదకొండు నా చేతికి వేశాడు. ఆ తీగ ఇంకా బల్ల మీద వేలాడుతోంది.

ఆయన పోయి ఎనిమిదేళ్ళు. మొదట్లో జనం దుకాణం దాకా వచ్చి, నన్ను చూసి, ‘మెకానిక్ లేడా?’ అని తిరిగిపోయేవాళ్ళు. ఫోన్లో ఆ తిప్పలు లేవు. నాది బొంగురు గొంతు. పెద్దవంగరలో చిన్నప్పుడు జొన్న చేనులో మంచె ఎక్కి అరిచి అరిచి పిట్టలను తోలేదాన్ని. అప్పుడు చీరుకుపోయిన గొంతు మళ్ళీ అతుక్కోలేదు. ఆ తర్వాత దుకాణంలో, అతుకులు వేసేటప్పుడు లేచే గుగ్గిలం పొగ. ఫోనెత్తి నేను ‘ఆఁ, చెప్పు’ అనగానే అవతలివాళ్ళు ‘అన్నా నమస్తే’ అంటారు. నేను కూడా నమస్తే అంటాను. వస్తువు తీసుకుని వచ్చాక చూసుకోవచ్చు.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున మహబూబాబాద్ రైలు దిగి మా పాత గిరాకీ ఒకతను వచ్చాడు. యాభై దాటినవాడు. పెళ్ళి బ్యాండులో గిటారు వాయిస్తాడు. సంచిలోంచి సబ్బు పెట్టెంత నీలి రంగు ఇనుప పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. పైన కాలితో తొక్కే మీట, రెండు తిప్పుడు గుండీలు, గిటారు తీగ పెట్టుకోవడానికి ఒక పక్క, ఆంప్లిఫయర్ తీగకు ఇంకో పక్క రంధ్రాలు ఉన్నాయి.

"కోరస్ పెడల్ అంటరక్కా. ఒక్క గిటార్ వాయిస్తే నలుగురు వాయించినట్టు ఇనస్తది."

"ఏం ఖరాబైంది?"

"ఏం కాలే. మంచిగనే నడుస్తాంది. గదే నా పరేషాన్."

"మంచిగున్నదాన్ని పట్టుకొని గింత దూరం వచ్చినవా తమ్మీ? నా దగ్గర చెడగొట్టిపిచ్చుకుందామనా?"

అతను నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. పదిహేను రోజుల్లో అతని కూతురి పెళ్ళి. పెళ్ళికొడుకు చెల్పూర్ కరెంటు ప్లాంటులో పని చేస్తాడు. పెళ్ళి మగపెళ్ళివారి వైపు, ఆ ప్లాంటు దగ్గరి ఘనపూర్‌లో. అంతా కుదిరింది. కానీ ఇంట్లో పెద్దాయన, అంటే ఇతని తండ్రి, పెళ్ళికి రానని కూర్చున్నాడు.

"సొంత మనుమరాలి పెండ్లికి రానంటాండక్కా. జిద్దుకు గూసున్నడు."

పెద్దాయన నలభై యాభై ఏళ్ళు సన్నాయి ఊదినవాడు. ఆ చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళ ఆడపిల్లలను ఆయన సన్నాయి అత్తవారింటికి సాగనంపిందో లెక్క లేదు. మనుమరాలు చిన్నగా ఉన్నప్పుడే, ‘నీ అప్పగింతలకు నేనే ఊదుతా’ అని మాట ఇచ్చాడు. ఇప్పుడేమో పళ్ళన్నీ ఊడిపోయాయి. పెదవులకు పట్టు దొరక్క సన్నాయిలోంచి గాలి తప్ప ఏమీ రాదు. కట్టుడు పళ్ళు పెట్టించారు. పెట్టుకుని ఒక్కసారి ఊది, వాటిని తీసి గ్లాసులో పడేసి, ‘గిది సన్నాయి గాదు, కుక్కర్ సీటీ’ అన్నాడట. మాట తప్పిన మొహం పెట్టుకుని పెళ్ళి పందిట్లో కూర్చోనని చెప్పేశాడు.

"ఆ అప్పగింతల పాట నాకొచ్చక్కా. గిటార్ మీద వాయించి చూపెట్టిన. ‘అన్నమున్నది, ఆవిరి లేదు’ అన్నడు. సన్నాయిల ఊపుంటది గదా, గది లేదంటాండు."

"చేత్తో తీగెను ఊపరాదు?"

అతను ఎడమ చేయి చూపించాడు. నడిమి వేలు ఆటో తలుపులో నలిగి, అతుక్కుంది కానీ బిగుసుకుపోయింది. నొక్కగలడు, ఊపలేడు. అందుకని, ఊపు తెస్తుందని ఎవరో చెబితే ఈ పెట్టె తెప్పించాడు. అది పెట్టి వాయిస్తే పెద్దాయన చెవులు మూసుకుని, ‘ఒక్క సన్నాయి ఊదుమంటె ఊరంత ఊదుతాన్రేంది?’ అన్నాడు.

"అక్కా, గీ పెట్టెతోని సన్నాయి ఊపు తీస్తవా? బాపు ‘ఊఁ’ అంటె బండెక్కుతడు. లేకుంటె నా బిడ్డ ఏడ్సుకుంట పీటల మీద గూసుంటది."

తీస్తానని నేను అనలేదు. పెట్టి పో అన్నాను. నిజం చెప్పాలంటే అలాంటి పెట్టెను అంతకుముందు విప్పి చూడలేదు. మా ఆయన కూడా చూసి ఉండడు.

మధ్యాహ్నం గిరాకీ తగ్గాక మూత విప్పాను. గిటారు మా దుకాణంలో లేదు. ఏ చప్పుడైనా చప్పుడే కదా అని మైకును సౌండు మిక్సరు గుండా పెట్టెకు తగిలించి, నేనే ఒక కూనిరాగం తీశాను. స్పీకరులోంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పాడినట్టు వచ్చింది. అంతా బొంగురు గొంతులే.

అప్పుడు నాకు నాట్ల పాట గుర్తొచ్చింది. మడిలో నాట్లు వేసేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. అందుకునేవాళ్ళు ఎప్పుడూ పిసరంత వెనకే ఉంటారు. వంగి పనిచేస్తుంటారు కనుక గొంతు కాస్త ఊగుతుంది కూడా. ఎత్తుకున్న గొంతు, అందుకున్న గొంతు ఒకదానిమీద ఒకటి పడితేనే ఆ నిండుతనం. ఈ పెట్టె చేసేదీ అదే. లోపలికి వెళ్ళిన చప్పుడు రెండుగా చీలుతుంది. ఒకటి తిన్నగా నడుస్తుంది. ఇంకోటి పిసరంత ఆలస్యంగా, ఊగుతూ నడుస్తుంది. చివర రెండూ కలిసి బయటికి వస్తాయి. ఊపు ఉంది, కానీ తిన్నని గొంతు దాన్ని కమ్మేస్తోంది. కాబట్టి ఎత్తుకునే ఆమెను ఇంటికి పంపి, అందుకునే ఆమెను ఒంటరిగా పాడనివ్వాలి.

రెండు దారులూ ఎక్కడో ఒకచోట కలవాలి కదా. బోర్డును వెలుతురుకు పట్టి చూస్తే రాగి గీతలు పొలం కాలువల్లా కనిపిస్తాయి. చప్పుడు బయటికి వెళ్ళే రంధ్రం దగ్గర మొదలుపెట్టి వేలితో వెనక్కి నడుచుకుంటూ వచ్చాను. ఒకచోట రెండు రెసిస్టెన్సులు కలిశాయి. రెండింటికీ పసుపు, వంకాయ రంగు, నారింజ. ఒకే చీరలు కట్టుకున్న తోడికోడళ్ళలా పక్కపక్కన నిలబడ్డాయి. వీటిలో ఎవరిని పంపాలి?

మా ఆయన ఒక పద్ధతి నేర్పాడు. తెలియని బోర్డులో ఏ ముక్కనూ పూర్తిగా పీకవద్దు, ఒక్క కాలే లేపు, తప్పైతే మళ్ళీ ఆనించవచ్చు. అలాగే ఒకదాని కాలు లేపి మైకులో పాడాను. ఊపు మొత్తం పోయింది. చప్పగా, తిన్నగా నా గొంతు నాకే తిరిగి వచ్చింది. తప్పు కోడలిని పంపించాను. దాని కాలు ఆనించి, రెండోదాని కాలు లేపాను.

మళ్ళీ పాడాను. ఈసారి ఒకే గొంతు, ఊగుతూ వచ్చింది. నేనేమీ ఊపలేదు, పెట్టే ఊపింది. ఎదురుగా చాయ్ బండి అతను తల లోపలికి పెట్టి, "ఏంది అక్కా, మైకు రిపేరా, నాట్లా?" అన్నాడు. "నీకెందుకు, చాయ్ పట్టుకరా" అన్నాను. ఆ సంతోషంలో అంత తేలిగ్గా పని అయిపోయిందనుకున్నాను.

రెండో రోజు పెట్టె పట్టుకుని నేనే రైలెక్కి మహబూబాబాద్ వెళ్ళాను. పెద్దాయన రేకుల పందిరి కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉన్నాడు. పక్కన గుడ్డలో చుట్టిన సన్నాయి. పెళ్ళికూతురు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నా గొంతు విని ఆయన ఒకసారి పైనుంచి కిందికి చూశాడు.

"ఎవలే బిడ్డా నువ్వు? మాట మగోని తీరు, మనిషి ఆడిది."

"పెట్టెను బాగుజేసేదాన్ని బాపూ."

"బాగైందా?"

"ఇని నువ్వే చెప్పు."

కొడుకు గిటారు తగిలించి అప్పగింతల పాట ఎత్తుకున్నాడు. రెండు వరుసలు కూడా కాలేదు, పెద్దాయన చేయి ఎత్తాడు.

"ఆగు ఆగు. మేకపిల్లను ఎవలు కొట్టిన్రు?"

పెళ్ళికూతురు పకపకా నవ్వింది. "తాతా! గట్లనకు, ఆ అవ్వ గింత దూరం వచ్చింది."

"వచ్చింది సరే. మేకను ఎంబడి తెచ్చుకున్నది గదా మల్ల."

నాకు కోపం రావాలి. కానీ ఆయన అన్నది నిజమే. దుకాణంలో నా గొంతు గరుకులో తెలియలేదు. గిటారు నున్నటి చప్పుడులో ప్రతి ఊపూ ‘మే మే’ అంటోంది. తప్పెక్కడుంది బాపూ అని అడిగాను. ఆయనకు కరెంటు సంగతి తెలియదు. ఊపు సంగతి మాత్రం ఆయనకంటే ఎవరికి తెలుసు? అరచేయి చాచి గాలిలో ఊపి చూపించాడు.

"ఉయ్యాల సూసినవా బిడ్డా? కొసకు పోయినంక జర ఆగుతది, ఎన్కకు రావాల్నా వద్దా అన్నట్టు. అప్పుడు మెల్లగ మర్రుతది. గీ నీ పెట్టె కొసకు పోయి గోడకు గుద్దుకున్నట్టు మర్రుతాంది."

మర్రడమంటే వెనక్కి తిరగడం, ఆ మాట పట్టుకుని రైలెక్కాను. కాజీపేట దాటేసరికి నాకు విషయం అర్థమైంది. పెట్టెలో ఊపు పుట్టించే చోట కరెంటు గుడిసె కప్పులా తిన్నగా ఎక్కి, తిన్నగా దిగుతోంది. పైన మొన, కింద మొన. ఆ మొనలే మేక అరుపు. వాటిని గుండ్రంగా అరగదీయాలి.

కరెంటుకు ఆకురాయి లేదు. కానీ మా నాయిన పొలంలో ఒక పని చేసేవాడు. బోరు నీళ్ళు గుక్కలు గుక్కలుగా తన్నుకుని వచ్చేవి, కాలువ గట్టు తెగేది. పైపు మూతి దగ్గర ఒక గుంత తవ్వాడు. నీళ్ళు ముందు గుంతలో పడి, నిండి, అక్కడినుంచి మెల్లగా కాలువలోకి జారేవి. గుక్క గుంతలో ఆగిపోయేది. కరెంటుకు అలాంటి గుంత కండెన్సరు. నింపుకుంటుంది, మెల్లగా వదులుతుంది. ఊపు పుట్టే చోటికీ, అది చప్పుడును తాకే చోటికీ మధ్యన ఒక కండెన్సరు అతికితే సరి.

ఎంత గుంత? అది ఎవరూ చెప్పలేరు. చిన్నది పెట్టాను, మేక కాస్త దూరం వెళ్ళి అరిచింది. పాత టీవీలోంచి పీకిన పెద్దది పెట్టాను, ఊపు మొత్తం గుంతలోనే మునిగిపోయింది. డబ్బాలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే ఆనిస్తూ, తీస్తూ, ప్రతిసారీ మైకులో పాడుతూ పోయాను. ఆ రోజంతా నాట్ల పాటలే. మా అమ్మ పాడేవి, ఆ పక్క మడి వాళ్ళు పాడేవి, మరిచిపోయాననుకున్నవి కూడా వచ్చాయి. ముప్ఫై ఏళ్ళుగా నేను గొంతెత్తి పాడింది లేదు, ఈ గొంతుకు పాటెందుకని. ఇప్పుడు పని ఉంది కాబట్టి సిగ్గు లేదు. చాయ్ బండి దగ్గర జనం నిలబడి వింటున్నారు. ఒకాయన, "గా రేడియో ఎంతకమ్ముతవు?" అని అడిగాడు.

చివరికి కందిగింజంత గోధుమ రంగు కండెన్సరు ఒకటి కుదిరింది. ఊపు కొంచెం తగ్గింది. లోతు గుండీ ఇంకాస్త తిప్పితే సరిపోయింది. వేగం గుండీ కూడా నా గొంతుకు హాయిగా ఉన్నచోట పెట్టి, గుర్తుకు నా కూతురి గోళ్ళ రంగు ఒక చుక్క పెట్టాను. స్పీకరులోంచి నా ‘ఓ’ తేలుతూ, వంగుతూ, కొసన జర ఆగి మర్రుతూ వచ్చింది. నా గొంతుకు అంత నునుపు ఎక్కడిదో! అదే ‘ఓ’ నాలుగుసార్లు తీశాను. పని కోసం మొదటిది ఒక్కటే.

పెళ్ళికి ఇంకా ఐదు రోజులున్నాయి. మళ్ళీ మహబూబాబాద్ వెళ్ళాను. ఈసారి సోల్డరింగ్ సామాను కూడా సంచిలో వేసుకున్నాను. పెద్దాయన నన్ను చూసి, "మేకను తోలుకొచ్చినవా, కోసినవా?" అన్నాడు.

కొడుకు వాయించాడు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. మొదటి వరుస అయింది, చేయి ఎత్తలేదు. రెండో వరుస అయింది. పెళ్ళికూతురు తాత మొహం తప్ప ఇంకేమీ చూడడం లేదు. పాట అయ్యాక ఆయన కళ్ళు తెరిచి కొడుకును కాదు, నన్ను అడిగాడు.

"గీ ఊపును ఎవల గొంతు మీద పట్టినవు?"

అప్పటిదాకా నాకు తట్టలేదు. గిటారు మీద పట్టాలి, లేదా సన్నాయి విని పట్టాలి. నేనేమో నాట్లు వేసే ఆడదాని ఊపిరికి, అదీ నా ఊపిరికి సరిపోయేట్టు గుండీ తిప్పి, చుక్క కూడా పెట్టాను.

"తప్పైంది బాపూ. గిటార్ లేకుండె. నేనే పాడిన, నాట్ల పాట. గుండీ తిప్పుత, సన్నాయి తీరు నువ్వు చెప్పు."

"ఏదీ, పాడు."

"నా గొంతా? మేకనే నయం."

"పాడుమంటాన గదా."

తలుపు పక్కన నిలబడి, కొంగు సర్దుకుని, ఒక్క ‘ఓ’ తీశాను. పెట్టె లేదు, మైకు లేదు. ఉన్న గొంతు ఉన్నట్టు, గరగరలాడుతూ వెళ్ళింది. పెద్దాయన నవ్వాడు. పళ్ళు లేని నవ్వు, మొహమంతా మడతలు పడింది.

"గుండీ ముట్టకు. నేను సన్నాయి పట్టిన కొత్తల, మా నాయిన కొట్టి నేర్పిండు, ఊపు రాలే. నాట్ల కాలంల గట్టు మీద గూసోని ఆడోళ్ల పాటలింటుంటి. ఆళ్ల తానే పట్టుకొచ్చిన గీ ఊపును. మల్ల ఆడికే పోయినవు నువ్వు."

కొడుకు ఆత్రంగా ముందుకు వంగాడు. "అయితే వస్తవా బాపూ?"

"వస్త అన్ననా? ఊపు మంచిగున్నది. కని నువ్వు వాయించుడు మంచిగ లేదు. అన్ని స్వరాలకు ఊపెందుకుర? పిల్ల గడప దాటే జాగల ఊపాలె. తల్లి పేరొచ్చే జాగల తిన్నగ నిలవెట్టాలె. తిన్నగ నిలవెట్టినంకనే ఊపుకు ఇలువ."

"గది పెట్టెకెట్ల తెలుస్తది బాపూ? తొక్కితే ఊపుతది, మల్ల తొక్కితే ఆగుతది. పాట మధ్యల నేను టకటక ఎట్ల తొక్కాలె?"

తండ్రీ కొడుకులు అలా వాదించుకుంటుంటే నేను పెద్దాయన కాళ్ళ వైపు చూస్తున్నాను. పాట మొదలైనప్పటి నుంచి ఆయన కుడి కాలి బొటనవేలు మంచం కోడు మీద నొక్కుతోంది, వదులుతోంది. అది ఆయనకే తెలియదు.

"బాపూ, నువ్వు తొక్కుతవా?" అన్నాను.

ఆయన బొటనవేలి వైపు చూపించాను.

"చేతులు నీ కొడుకువి, ఊపు నీది. నీ కాలు ఆనితే ఊగాలె, లేస్తే నిలవాలె. గట్ల చేసిస్త."

దానికి నొక్కి ఉన్నంతసేపే పనిచేసే స్విచ్ కావాలి. సంచిలో వెతికాను, లేదు. బజారు దూరం. తలెత్తితే వాళ్ళ గుమ్మం పక్కన గోడకు కాలింగ్ బెల్ నొక్కుడు కనిపించింది. నొక్కితే మోగుతుంది, వదిలితే ఆగుతుంది. నా చూపు ఎక్కడుందో పెద్దాయన పట్టేశాడు.

"పీకు. పాలోడు తప్ప గా గంట ఎవడు కొడతడు?"

పీకాను. ఊపు పుట్టే చోటు నుంచి గుంతకు వచ్చే దారి తెంపి, ఆ తెగిన రెండు కొసలకు తీగలు కలిపి, గంట నొక్కుడును ఒక చెక్క ముక్కకు బిగించాను. పెద్దాయన చెప్పులు విడిచి, గుడిలోకి వెళ్ళేవాడిలా కాలు కడుక్కుని వచ్చి, బొటనవేలు దాని మీద పెట్టాడు. కొడుకు ఒక స్వరం వాయించి నిలబెట్టాడు. తిన్నగా ఉంది. పెద్దాయన నొక్కాడు. నేను పెట్టిన గుంత మహిమ, ఊపు ఒక్కసారిగా దూకలేదు. ఊపిరి తీసుకున్నట్టు మెల్లగా నిండింది. వదిలాడు, మెల్లగా అణిగింది.

ఆయన కాలు తీసి ఆ నొక్కుడు వైపు చూశాడు. మళ్ళీ పెట్టాడు. ఒక అరగంట వరకు కొడుకును అన్నం కూడా తిననివ్వలేదు. "మల్ల. ఇంకోపారి. ఆడ నిలవెట్టుర, నేను నొక్కేదాంక కదలకు." పెళ్ళికూతురు నా పక్కన వచ్చి నిలబడి నా చేయి గట్టిగా పట్టుకుంది. చివరికి పెద్దాయన చెమట తుడుచుకుని కొడుకును అడిగాడు.

"పెండ్లికి బండి ఎన్ని గంటలకు ఎల్తదిర?"

పెళ్ళికి నన్ను రావలసిందే అన్నారు. మొగుడు లేనిదాన్ని పందిట్లో ముందు వరుసలో కూర్చోబెట్టరు, నాకూ అలవాటే. కానీ మెకానిక్ చోటు ఎలాగూ స్పీకరు డబ్బా వెనకే. రెండూ ఒకచోటే పడ్డాయి కాబట్టి హాయిగా డబ్బా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పెళ్ళి హాలు పక్క కిటికీలోంచి చూస్తే దూరంగా చెల్పూర్ ప్లాంటు పొగగొట్టం కనిపిస్తోంది. చేతిలో స్క్రూడ్రైవరు ఉంది, కొంగున పెట్టె కోసం రెండు కొత్త బ్యాటరీలు ముడి వేసుకున్నాను.

అప్పగింతల వేళయింది. పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతున్నారు. పెద్దాయన తెల్ల పంచె కట్టుకుని, కండువా వేసుకుని కొడుకు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళో గుడ్డలో చుట్టిన సన్నాయి. కింద, కాలి దగ్గర గంట నొక్కుడు. కొడుకు పాట ఎత్తుకున్నాడు.

మొదటి వరుసలో ఆయన కాలు పెట్టనే లేదు. స్వరం తిన్నగా వెళ్ళింది. మగపెళ్ళివారి వైపు మాటలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. తల్లి దగ్గర పిల్ల చేతులు విడిపించే చోట ఆయన బొటనవేలు మెల్లగా దిగింది. ఆ స్వరం నిండింది, వంగింది, కొసకు వెళ్ళి జర ఆగింది, మర్రింది. వడ్డించే వాళ్ళు గరిటెలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను డబ్బా వెనక ఉన్నాను కనుక అది నా పక్కటెముకల్లోంచి వెళ్ళినట్టయింది. అందులో మా అమ్మ ఉంది, మా మడి ఉంది. ఆ పక్కనే నా గొంతు కూడా ఉందని నాకు, ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

పెళ్ళికూతురు ఏడుస్తూ తాత దగ్గరికి వచ్చి కాళ్ళు మొక్కబోయింది. ఆయన కాలు నొక్కుడు మీద ఉంది.

"ఆగవే, కాలు గుంజకు. పాట కాలే ఇంక."

కళ్ళనిండా నీళ్ళతో ఆ పిల్ల అంత గట్టిగా నవ్వడంతో అటూ ఇటూ అందరూ నవ్వారు. పాట ముగిసేదాకా ఆమె ఆయన రెండో కాలు పట్టుకుని కిందే కూర్చుంది. ఆఖరి స్వరం అణిగాక ఆయన కాలు తీసి, పిల్ల తల మీద చేయి పెట్టి, "ఊదుతా అంటి. ఊదలే, తొక్కిన. మాట చెల్లిందా లేదా?" అన్నాడు.

"చెల్లింది తాతా."

అప్పుడాయన స్పీకరు డబ్బా వైపు తిరిగి కేక వేశాడు. "ఓ మగగొంతుదానా! ఎన్కెందుకు దాసుకున్నవు? ముందటికి రా, పిల్లకు అచ్చింతలేద్దువు." నేను రాలేనన్నట్టు తల ఊపాను. ఆయన వదల్లేదు. చివరికి పెళ్ళికూతురే అక్షింతల పళ్ళెం పట్టుకుని డబ్బా వెనక్కి వచ్చింది. స్క్రూడ్రైవరు కుర్చీలో పెట్టి, ఆ పిల్ల తలమీద అక్షింతలు వేశాను. కొంగు ముడిలోని బ్యాటరీలు జారి కింద పడ్డాయి, ఇద్దరం వంగి ఏరుకున్నాము.

నీలి పెట్టె ఇప్పుడు వాళ్ళింట్లోనే ఉంది. పెళ్ళిళ్ళకు తండ్రీ కొడుకులు కలిసి వెళుతున్నారు. ఒకరు చేతులు, ఒకరు కాలు. నెలకోసారి పెద్దాయన ఫోన్ చేస్తాడు. ‘అన్నా’ అనడు. నా గొంతు వినగానే, "మేకలున్నయా?" అని అడుగుతాడు. కోశాను బాపూ అంటాను.

మొన్న వాళ్ళ ఆంప్లిఫయర్ ఇచ్చిరావడానికి వెళ్ళాను. గుమ్మం పక్కన గోడకు ఇంకా రెండు తీగలు వేలాడుతూనే ఉన్నాయి. కొత్త నొక్కుడు తెచ్చి పెడతానని ఎన్నిసార్లు చెప్పినా పెద్దాయన వద్దంటాడు. వచ్చినవాళ్ళు తలుపు కొట్టాల్సిందే. నేనూ కొట్టాను.